చెట్టు కింద ఏడేళ్లు పడున్న మారుతి 800ని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా

మా పెదనాన్న 1995లో కొన్న తెల్ల మారుతి 800, ఆయన పోయాక తెనాలిలో వాళ్లింటి వేపచెట్టు కింద ఏడేళ్లు అలాగే ఉండిపోయింది. నాలుగు టైర్లూ నేలకంటుకుపోయి, వైపర్ల కింద వేపాకులు కుళ్లి ఎరువైపోయి, వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టి, చూస్తే జాలేసేలా ఉండేది. "దాన్నేం చేసుకుంటావురా, పాత ఇనుము వాడికిచ్చినా నాలుగు రాళ్లు రావు" అని పెద్దమ్మ అంటూనే తాళం చేతిలో పెట్టింది. ఆ బండి ఇప్పుడు విజయవాడ ట్రాఫిక్‌లో రోజూ తిరుగుతోంది. మధ్యలో పదహారు నెలలు పట్టింది, అందులో ఆరు నెలలు నా తెలివితక్కువ వల్లే.

ఆ తెలివితక్కువేంటో ముందే చెప్తాను, ఎందుకంటే పాత బండి తెచ్చుకున్న ప్రతివాడూ చేసేది అదే. నేను ముందు పెయింట్ వేయించాను. ఒక షెడ్డులో బేరమాడి ఇచ్చేశాను, పది రోజుల్లో అద్దంలా మెరుస్తూ వచ్చింది, ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. ఒక వానాకాలం గడిచేసరికి డోర్ల కింద బుడగలు లేచాయి. గోరుతో గీకితే పెయింటు, దాని కింద వేలు మందాన పుట్టీ, దాని కింద తుప్పు, దాని కింద ఏమీ లేదు, గాలే. డబ్బంతా పుట్టీలో పోసినట్టయింది. అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా బండ్లు చూస్తున్న మేస్త్రి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు దీన్ని ఆగేలా చేద్దాం బాబూ, తర్వాత నడిపిద్దాం, మెరవడం ఎప్పుడైనా మెరుస్తుంది" అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ వరసలోనే ఉంటుంది: కాగితాలు, బ్రేకులు, ఇంజిను, వైరింగు, తుప్పు, ఆఖర్న రంగు.

అసలు 800 ఎందుకు

బాగుచేసే మొదటి బండిగా దీన్నే ఎంచుకోమంటాను. 1983 డిసెంబరులో మొదటి 800 బయటికొచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. 1986లో ఆకారం మారింది, మనం రోడ్డు మీద చూసేవి దాదాపు అన్నీ ఆ తర్వాతవే. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను, అదే కుటుంబం ఇంజిను ఓమ్నీలోనూ 2019 దాకా వచ్చింది, అందుకే గ్యాస్కెట్లూ రింగులూ బేరింగులూ వాటర్ పంపూ ఇవాళ్టికీ దొరుకుతాయి. దొరకనివి వేరే: డోర్ రబ్బర్లు, బీడింగులు, డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్‌లు, పాత మోడల్ లైట్లు. కాబట్టి బండి కొనేటప్పుడు ఇంజిను ఆడుతోందా అని చూసి పొంగిపోకండి. ఇంజిను ఆడకపోయినా బాగుచేయొచ్చు, లోపల సామాను అంతా ఉండి బాడీ గట్టిగా ఉన్న బండిని పట్టుకోండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల సముద్రపు గాలికి తిరిగిన బండికీ, కర్నూలు, అనంతపురం ఎండల్లో తిరిగిన బండికీ కిందనుంచి చూస్తే తేడా తెలుస్తుంది. ఎండకి సీట్లూ ప్లాస్టిక్కూ పోతాయి, ఉప్పు గాలికి ఏకంగా ఫ్లోరే పోతుంది.

కాగితాలు, ఒక్క బోల్టు విప్పకముందే

ఇది విసుగు పని, కానీ వదిలేస్తే మిగతాదంతా దండగే. రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్ బాకీ ఉందేమో, చలాన్లున్నాయేమో చూడండి. తర్వాత బండి మీద కొట్టిన చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అచ్చు పడుతుంది, ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తుప్పుకి నంబరు చెరిగిపోయిన బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు.

సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫారం 25 పెట్టి బండిని చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 రూపాయలైంది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సూ, ఆలస్యమైతే జరిమానా విడిగా ఉంటాయి. మా బండికి ఇంకో మెలిక పడింది: ఆర్‌సీ పెదనాన్న పేరు మీదుంది కాబట్టి ముందు ఫారం 31తో పెద్దమ్మ పేరు మీదికి, తర్వాత 29, 30 ఫారాలతో నా పేరు మీదికి మారాలి. ఇలాంటిదుంటే రిపేరు మొదలుపెట్టిన రోజే దరఖాస్తు పెట్టండి, రెండూ పక్కపక్కన నడుస్తాయి. "పాతది కదా, వింటేజ్ కింద వస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రూల్సు యాభై ఏళ్లు దాటిన బండ్లకే.

పనిముట్లు, ఒక నోటుబుక్కు

800 బోల్టుల్లో ఎక్కువ భాగం 10, 12, 14, 17 సైజుల్లోనే అయిపోతాయి. ఈ నాలుగింటికీ మంచి రింగ్ పానాలు, ఒక సాకెట్ సెట్టు, మంచి స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటరు, ఫీలర్ గేజి, తుప్పు వదిలించే స్ప్రే, జాకీ, రెండు స్టాండ్లు. స్టాండ్లు మర్చిపోకండి. ఉత్త జాకీ మీద లేపిన బండి కింద దూరొద్దు, ఇటుకల మీద అసలొద్దు, ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు.

పట్టేసిన బోల్టుకి మొండిపట్టు పనికిరాదు. సాయంత్రం స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున మళ్లీ కొట్టండి, ముందు కాస్త బిగించే వైపు కదిపి అప్పుడు విప్పండి. ఓపెన్ పానాతో లాగితే మూలలు అరిగి బోల్టు గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత గ్యాస్ పెట్టి వేడిచేయడమో కోయడమో తప్పదు.

విప్పిన ప్రతిదానికీ ముందు ఫోన్లో ఫొటో, తర్వాత జిప్ కవర్, కవర్ మీద మార్కర్‌తో "కుడి ముందు డోర్, పై కీలు" అని రాత. నోటుబుక్కులో తేదీ వేసి ఏం విప్పానో, ఏం కొన్నానో, ఎంతైందో రాసుకుంటూ పోయాను. ఇంకో మాట, బండి మొత్తం ఒకేసారి ఊడదీయొద్దు. మనమేం ఫ్యాక్టరీ కాదు. సగం ఊడదీసి వదిలేసిన బండ్లే చివరికి తూకానికి పోతున్నాయి, ఆటోనగర్ సందుల్లో అలాంటివి ఎన్నో చూశాను. ఒక పని విప్పు, ముగించు, బిగించు, అప్పుడు రెండోది.

బ్రేకులు

ఏడేళ్లు నిలబడిన బండిలో బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుని, చక్రాల దగ్గర బ్రేక్ షూలని నెట్టే వీల్ సిలిండర్లని లోపల్నుంచే తుప్పు పట్టిస్తుంది. వెనక డ్రమ్ములు తీయడమే ఒక ప్రహసనం. హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదిలేసి, డ్రమ్ము చుట్టూ స్ప్రే కొట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ తిప్పుకుంటూ సుత్తితో కొట్టాలి, ఒకేచోట కొడితే పగులుతుంది. ఊడాక లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, పాత బ్రేక్ షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

మా బండి ఎడమ వెనక సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే గోధుమరంగు నీళ్లు కారాయి, పిస్టన్ కదల్లేదు. రబ్బరు కిట్లు వేసి బతికించొచ్చుగానీ గోడకి గుంతలు పడితే మళ్లీ లీకవుతుంది. కొత్త సిలిండరే వేసేయండి, బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు. మాస్టర్ సిలిండరు (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది), రబ్బరు గొట్టాలు, షూలు, ముందు ప్యాడ్లు, అన్నీ మార్చేశాను. ఇనప పైపులు తుప్పుపట్టి పొక్కులొచ్చి ఉంటే అవీ మార్చాలి. ఆయిలు ఏ గ్రేడో మాస్టర్ సిలిండర్ మీదుండే డబ్బా మూత మీదే ఉంటుంది, అదే పోయండి.

తర్వాత గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. మా తమ్ముడు పెడల్ మీద, నేను చక్రం దగ్గర. ప్రతి చక్రం దగ్గరా గాలి తీయడానికి నిప్పుల్ అనే చిన్న బోల్టు ఉంటుంది, మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్నదాంతో మొదలుపెట్టాలి. నిప్పుల్‌కి సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. "నొక్కు" అంటే వాడు మూడుసార్లు నొక్కి పట్టుకోవాలి, "పట్టుకో" అని నేను నిప్పుల్ పావు చుట్టు వదులు చేస్తే సీసాలో బుడగలొస్తాయి, పెడల్ కిందికి దిగుతుంది, నేను బిగించి "వదులు" అన్నాకే వాడు కాలు తీయాలి. ఆ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మా వాడు ఫోన్ చూసుకుంటూ నేను బిగించకముందే కాలు తీశాడు, నాలుగు చక్రాలూ మళ్లీ మొదట్నుంచి చేశాం, ఆ రోజు మా మధ్య మాటల్లేవు. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా మధ్యమధ్యలో పోస్తూ ఉండాలి. ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి, బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది.

టైర్లు గీతలున్నా లేకున్నా మార్చాల్సిందే. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, 1416 అంటే 2016లో పద్నాలుగో వారం. మా వాటి మీద అదే ఉంది, పక్కగోడలన్నీ బీటలు. సైజు 145/70 ఆర్12, వెతికితే దొరుకుతుంది.

ఇంజిను: సెల్ఫ్ కొట్టడానికి తొందరపడొద్దు

కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పేయాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో నెమ్మదిగా, ఇంజిను మామూలుగా తిరిగే వైపే తిప్పండి. రెండు చుట్లు సాఫీగా తిరిగిందంటే సగం గండం గడిచినట్టే. అసలు కదలకపోతే బలం చూపించకుండా ఇంకో రెండు రోజులు ఆయిల్‌తో నాననివ్వండి.

ఈలోపు పాత పెట్రోలు తీసేయాలి. ఏళ్లు నిలవున్న పెట్రోలు వార్నిష్ వాసనొస్తుంది, జిగురుగా మారుతుంది. ట్యాంకు దించి కడిగించండి. ట్యాంకుకి చిల్లుంటే వెల్డింగ్ విషయంలో మాత్రం మీరు వేలు పెట్టొద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి, అందులోనూ ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. పాతకాలం రబ్బరుకి అది పడదు, ఉబ్బి మెత్తబడి పగులుతుంది, పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది. కొత్త గొట్టాలు కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునేవే అని అడిగి తీసుకోండి. పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బొరేటర్ కిట్టు కూడా అప్పుడే మార్చేస్తే సరి.

కార్బొరేటర్ అంటే జనం భయపడతారు. భయపడాల్సింది దాని చుట్టూ ఉన్న సన్న వ్యాక్యూమ్ గొట్టాల గురించి. ఒక్కోదానికీ రంగు టేపు చుట్టి ఫొటో తీశాకే పీకండి. విప్పాక జెట్లలోకి, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల్లోకి, స్టీలు తీగ పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే జన్మంతా నల్లపొగే. క్లీనర్ కొట్టి గాలి పట్టించండి, వెలుతురుకి పెట్టి చూస్తే సన్న చుక్కలా వెలుగు కనబడాలి.

ఆయిలు, ఫిల్టరు మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడితే కాసేపటికి ఆయిల్ లైటు ఆరిపోతుంది. అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంతొస్తోందో, చూడండి, గేజి మేస్త్రి దగ్గర అడిగితే ఇస్తారు. అంకె ఎంతన్నదానికంటే మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరక్కపోతే వాల్వులు. మా బండికి రెండో సిలిండర్ వాల్వులు కాలిపోయాయి, హెడ్డు దించి లేత్ షాపుకి తీసుకెళ్లి గ్రైండింగ్ చేయించాం. ఏం చూడకుండా "ఇంజిన్ మొత్తం చేసేద్దాం" అనే చోట ఆగి ఈ పరీక్ష చేయమనండి, చాలాసార్లు పెద్ద పని తప్పుతుంది. టైమింగ్ బెల్టు మాత్రం ఎలా కనబడ్డా మార్చేయండి, రబ్బరుకి కిలోమీటర్లే కాదు వయసు కూడా లెక్కే.

నీళ్ల సంగతి. మన దగ్గర ఎండలకి వేడెక్కుతుందని చాలామంది మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వు (ఇంజిను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది) పీకి పారేస్తారు. నాకిది అస్సలు నచ్చదు. అది లేకపోతే ఇంజిను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిలు పాడవుతుంది. వేడెక్కడానికి అసలు కారణం సాధారణంగా రేడియేటర్ లోపల పేరుకున్న సున్నం, దానికి కారణం ఇన్నేళ్లూ పోసిన బోరు నీళ్లు. రేడియేటర్ శుభ్రం చేయించి, కొత్త వాల్వు వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయండి. ఫ్యాను తిరుగుతోందో లేదో బండి నిలబెట్టి ఆన్ చేసి ఒక ఇరవై నిమిషాలు చూడండి.

క్లచ్ పెడల్ నొక్కినా గేరు పడకపోతే టెన్షన్ పడొద్దు, ప్లేటు ఫ్లైవీలుకి అంటుకుపోయి ఉంటుంది. మా బండికీ అదే అయింది, ఇంజిను వేడెక్కాక క్లచ్ నొక్కి పట్టుకుని ఖాళీ స్థలంలో కాసేపు తంటాలు పడితే టప్పుమని వదిలింది.

వైరింగు

ఎలుకలు కొరికిన చోట్ల టేపు చుట్టి సరిపెట్టొద్దు, టంకం వేసి పైన స్లీవ్ ఎక్కించండి. సగం కరెంటు సమస్యలు ఎర్తింగ్ దగ్గరే ఉంటాయి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్లే నల్ల వైర్ల కొసలు విప్పి ఎమరీ పేపరుతో తళతళలాడేదాకా రుద్ది బిగిస్తే మిణుకుమిణుకుమనే లైట్లు వాటంతటవే బాగుపడతాయి. బ్యాటరీ మీద మీటరు పెడితే బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 14 చూపించాలి. ఫ్యూజు పోయిన చోట సిగరెట్ పెట్టె రేకు చుట్టి ఉంటుంది పాత బండ్లలో, పీకి పారేయండి. మాదాంట్లో రెండుచోట్ల ఉంది, పెదనాన్నే చుట్టుంటాడు, ఆయన పద్ధతే అంత.

తుప్పు

ఇక్కడ ఓపిక పట్టాలి. కార్పెట్లు మొత్తం తీసేసి ఫ్లోరు చూడండి. ముందు కాళ్లు పెట్టేచోట, డోర్ల కింద రన్నింగ్ బోర్డులో, బ్యాటరీ కింద పళ్లెంలో, ముందద్దం రబ్బరు కింది మూలల్లో, డిక్కీ అడుగున. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. గట్టి రేకు టంగుమంటుంది, తుప్పుపట్టింది డబ్బుమంటుంది. బయటివైపు అయస్కాంతం గుడ్డలో చుట్టి పెట్టి చూడండి, అంటుకోకుండా జారిందంటే అక్కడ ఉన్నది పుట్టీ. ఈ పరీక్ష బండి తెచ్చుకున్న రోజే చేసుంటే నాకు ఆరు నెలలు కలిసొచ్చేవి.

తుప్పుకి కారణం వెతక్కుండా రేకు వేస్తే మళ్లీ వస్తుంది. మా బండిలో కారణం ఆ వేపాకులే. వైపర్ల కింద నీళ్లు పోయే దారి మూసుకుపోయి, వాన నీళ్లు లోపలికి, అక్కణ్నుంచి కార్పెట్ కిందికి దిగాయి. డోర్ల అడుగున కూడా నీళ్లు పోవడానికి చిన్న బెజ్జాలుంటాయి, మట్టితో పూడుకుపోతాయి, అగ్గిపుల్లతో పొడిస్తే చాలు.

తుప్పుపట్టిన భాగాన్ని మంచి రేకు వచ్చేదాకా కోసి, అదే మందం కొత్త రేకు కొలిచి కోయించి వెల్డింగ్ చేయించాలి. పాత రేకు మీద కొత్త రేకు అతికిస్తే మధ్యలో నీళ్లు నిలిచి రెండూ పోతాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీయాలి, పెట్రోలు ట్యాంకు దించాలి, సీట్లూ కార్పెట్లూ బయటపెట్టాలి, పక్కన బకెట్ ఇసుకో ఫైర్ సిలిండరో ఉండాలి. పనయ్యాక రెండువైపులా ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీలర్, అది ఆరాకే బండి అడుగున కోటింగు. తుప్పు మీదే నల్ల కోటింగు కొట్టేవాళ్లుంటారు, అది పుండు మీద పట్టీ కట్టి లోపల చీము పట్టనివ్వడమే.

రంగు

ఇప్పుడు వేయించండి. వానాకాలంలో వద్దు, గాలిలో తేమకి పెయింట్ మసకబారుతుంది. సంక్రాంతి వెళ్లాక ఉగాది లోపు మంచి సమయం. అద్దాల రబ్బర్లు, లైట్లు, హ్యాండిళ్లు విప్పి వేయమని ముందే మాట తీసుకోండి, టేపు వేసి కొట్టేస్తే అంచుల దగ్గరే మొదట లేస్తుంది. పుట్టీ సొట్ట పూడ్చడానికి పల్చగా వేస్తే తప్పు లేదు, చిల్లు పూడ్చడానికే వేయకూడదు. పుట్టీ దశలో ఒకసారి, ప్రైమర్ అయ్యాక ఒకసారి షెడ్డుకెళ్లి చేత్తో తడిమి చూడండి, కంటికి కనబడని ఎత్తుపల్లాలు అరచేతికి తెలుస్తాయి. మీరే స్ప్రే చేద్దామనుకుంటే పీయూ (పాలీయురిథేన్) పెయింట్లకి జేబురుమాలు సరిపోదు, సరైన మాస్క్ లేకుండా ఆ గాలి పీల్చొద్దు. ఆర్‌సీలో ఉన్న రంగే వేయించండి, మార్చాలనుంటే ముందు ఆర్‌టీఏలో రాయించుకోవాలి. మాది మళ్లీ తెలుపే, పెద్దమ్మ ఆ ఒక్క షరతే పెట్టింది.

రోడ్డెక్కాక

మొదటి వంద కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి, డిక్కీలో పానాలు, నీళ్ల సీసా, ఒక ఫ్యాన్ బెల్టు పెట్టుకోండి. ఐదొందల కిలోమీటర్లకి ఇంజిన్ ఆయిల్ మళ్లీ మార్చండి, ఇన్నేళ్ల మడ్డి అంతా అప్పుడే కదిలొస్తుంది. పార్కింగ్‌లో వారాల తరబడి ఉంచాల్సొస్తే హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రానికి చెక్క అడ్డం పెట్టండి, లేకపోతే షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి. నిలబెట్టి రోజూ ఐదు నిమిషాలు ఆన్ చేయడం కంటే వారానికోసారి ఇరవై కిలోమీటర్లు నడపడం మేలు, ఇంజిను పూర్తిగా వేడెక్కితేనే సైలెన్సర్‌లో నీళ్లు ఆరతాయి.

నేను ఆదివారం పొద్దున్నే తెనాలి వెళ్లి పెద్దమ్మ దగ్గర టిఫిన్ చేసి వస్తాను. ఇంటికొచ్చి దిగగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను. వెనక రెండిట్లో ఒకదాని దగ్గర వేడి రెండోదానికంటే బాగా ఎక్కువ తగిలిందంటే ఆ బ్రేకు పట్టేస్తున్నట్టే, సాయంత్రానికి జాకీ బయటికి తీయాల్సిందే.